కుంటి దెయ్యం దగ్గర కత్తి బేరం

ఆ సందు మలుపులో మూసేసిన సెలూన్ ఒకటుండేది. పగలు దాన్ని ఎవరూ పట్టించుకునేవారు కాదు. షట్టర్ మీద పాత పోస్టర్లు, పాత పోస్టర్ల మీద కొత్త పోస్టర్లు, మెట్టు మీద ముడుచుకు పడుకునే ఒక పిల్లి. అంతే. చీకటి పడ్డాక మాత్రం ఆ పిల్లి కూడా అక్కడ ఉండేది కాదు.

లోపల ఎవరో నడుస్తారని చెప్పుకునేవారు. కుంటుతూ.

"జర్ర్...ర్... జ్."

ఒక కాలు నేల మీద ఈడ్చినట్టు, రెండో కాలు చటుక్కున ఆన్చి తీసినట్టు. కాస్త ఆగి, మళ్ళీ... "జర్ర్...ర్... జ్." విచిత్రమేమిటంటే ఆ నడక ముందుకు రాదు, వెనక్కి పోదు. ఉన్నచోటే నడుస్తుంది.

"అదేనండీ నాకు భయం," అనేవాడు ఎదురుగా లాండ్రీ పెట్టుకున్నాయన. "నడిచేవాడు ఎవడైనా ఎక్కడికో అక్కడికి పోవాలి కదా. వీడు పోడు."

ఆ లాండ్రీ ఆయన చీకటి పడుతూండగానే ఇస్త్రీపెట్టె చల్లార్చేసేవాడు. బట్టలు ఆలస్యమయ్యాయని ఎవరైనా అడిగితే సెలూన్ వైపు చెయ్యి చూపించి ఊరుకునేవాడు. దెయ్యం పేరు బయటికి రాకముందు ఇదే ఆలస్యాన్ని ఆయన కరెంటు మీద తోసేవాడన్నది వేరే సంగతి.

సెలూన్ షట్టర్ మీద 'అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు ఎండకు వెలిసిపోయింది. కేకుల షాపు పెట్టుకుందామని ఒకాయన సాయంత్రం పూట చూడటానికి వచ్చాడు. షట్టర్‌కి చెవి ఆనించి విన్నాడు. "కేకులకు గాలీ వెలుతురూ కావాలి" అని చెప్పి వెళ్ళిపోయాడు. వెళ్ళడం అంటే మామూలు వెళ్ళడం కాదు. చెప్పు ఒకటి అక్కడే ఉండిపోయింది.

ఆ చప్పుడు విని పారిపోకుండా లోపలికి వెళ్ళినవాడు ఒక్కడే ఉన్నాడు... మా తోడల్లుడు.

ధైర్యవంతుడని కాదు. ఆయన ధైర్యం సంగతి ఆయన భార్య, మా వదిన చెప్పాలి. బల్లి గోడ దిగితే ఆయన మంచం ఎక్కుతాడు. అలాంటి మనిషిని ఆ చీకట్లోకి లాక్కెళ్ళింది ధైర్యం కాదు, మరొకటి. జరిగింది ఆయన చెప్పగా విన్నాను, కొంత వదిన చెప్పగా విన్నాను. ఇద్దరి మాటా కలవని చోట వదిన మాట తీసుకున్నాను.

మా తోడల్లుడిది కళ్ళద్దాల దుకాణం. బంధువుల్లో మాత్రం ఆయన పేరు 'పదునుగారు'. పాత జపాన్ మంగలికత్తులు కొని దాచుకోవడం ఆయన పిచ్చి. రాత్రి భోజనం కాగానే ఫోన్ పట్టుకుని కూర్చుంటాడు. అక్కడెక్కడో, ఎవరి తాతగారో వాడి పక్కన పడేసిన కత్తిని ఎవరో వేలానికి పెడతారు. ఈయన ఆ ఫొటోలు పెద్దవి చేసి, చిన్నవి చేసి, ఫోన్ అటు తిప్పి, ఇటు తిప్పి చూస్తాడు.

"అమ్మేవాడు చూపించే వైపు చూడకూడదు," అంటాడు. "ఏ వైపు చూపించడం లేదో అదే అడగాలి."

తుప్పు విషయంలో ఆయనకు ఒక న్యాయం ఉంది. ఎర్రటి తుప్పు టీ మరకలాంటిది, తుడిస్తే పోతుంది. నల్లటి గుంటలు పంటి పుచ్చులాంటివి. అవి కత్తి వీపు మీద ఉంటే ఫర్వాలేదు, అంచు దగ్గర ఉంటే మాత్రం ఎవరైనా ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు.

ఆ కత్తుల్లో మడిచేవి ఉన్నాయి, మడవనివి ఉన్నాయి. ఆయనకు ప్రాణం మడవనివి. కోసే అలుగూ, పట్టుకునే పిడీ ఒకటే ఇనుము. పిడికి సన్నటి బెత్తం చుట్టి ఉంటుంది. మెత్తటి ఇనుముకు గట్టి ఉక్కును అతికి సాగగొడతారు. ఆ రెండూ కలిసిన చోట వెలుగులో పట్టి చూస్తే ఒక గీత కనిపిస్తుంది... వాన వెలిసిన తర్వాత మబ్బు అంచులాగా. ఆ గీతను చూస్తూ ఆయన కాఫీ చల్లార్చుకున్న రోజులు చాలా ఉన్నాయి.

ఆ కత్తికి మరో గుణం ఉంది. దాని రెండు వైపులూ ఒకేలా ఉండవు. ముఖానికి ఆనే వైపు వేరు, బయటి వైపు వేరు. అందుకని నూరేటప్పుడు కూడా రెండు వైపులా సమానంగా నూరకూడదు. ఒక వైపు రాయి మీద పొడుగ్గా లాగాలి. తిప్పి, రెండో వైపు ఊరికే తాకించి తీసేయాలి. ఈ పని ఆయనకు బాగా వచ్చు. ఆదివారాలు పెరటి వసారాలో కూర్చుని, సానరాయి తడుపుకుని, ఒక్కొక్కటే నూరుకుంటాడు. బొటనవేలి గోటి మీద అంచు ఆన్చి చూసుకుంటాడు. అది జారకుండా గోటిని పట్టుకుంటే ఆయనకు ఆ వారమంతా పండగ.

రానిది ఒకటే. గడ్డం గీసుకోవడం.

"డ్రాయరు నిండా కత్తులు," అనేది వదిన. "గడ్డానికి మాత్రం కిరాణా కొట్లో ప్లాస్టిక్‌ది. ఇంటి నిండా వీణలు పేర్చుకుని ఈల వేసుకునే మనిషిని మిమ్మల్నే చూశాను."

"వాడితే అంచు పాడైపోతుందే."

"వాడకపోతే మీరు పాడైపోతున్నారు."

నిజం ఏమిటంటే, మొదటి కత్తి వచ్చిన రోజున ఆయన ముఖానికి నురగ పట్టించుకుని, కత్తిని చెవి దాకా తీసుకెళ్ళి, అద్దంలో తన కళ్ళు చూసుకుని, నురగ తుడిచేసుకున్నాడు. ఆ సంగతి ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. తలుపు సందులోంచి చూసిన వదిన ఆ నమ్మకాన్ని ఇంతవరకు చెడగొట్టలేదు.

ఆయన ఏళ్ళ తరబడి వెతుకుతున్న కత్తి ఒకటి ఉండేది. దాని అలుగు మీద ముద్ర చిన్నది: పక్కపక్కనే మూడు కొండలు, కింద ఒక అల. ఆ కమ్మరి చేసినవి తక్కువ, మిగిలినవి మరీ తక్కువ. వేలంలో ఎప్పుడైనా ఒకటి కనబడితే ఆఖరి నిమిషంలో ఎవరో ఎగరేసుకుపోయేవారు. ఒకసారి ఓడిపోయిన రాత్రి ఆయన అన్నం మానేశాడు. వదిన పెరుగు మాత్రం కలిపి పెట్టి, "కొండలూ అలలూ చూడాలంటే ఏ సముద్రానికో పోదాం పదండి" అంది.

ఇదీ మనిషి. ఇక దెయ్యం దగ్గరికి వద్దాం.

ఆ రోజు పెద్ద రోడ్డు పైపుల కోసం తవ్వేశారు. దుకాణం కట్టేసి ఇంటికి బయల్దేరిన మా తోడల్లుడు స్కూటర్ అక్కడే వదిలేసి సందులోంచి నడక మొదలుపెట్టాడు. దెయ్యాలు డ్యూటీ ఎక్కే వేళ కూడా కాదది. ఇళ్ళలో టీవీలు ఇంకా మోగుతున్నాయి. కానీ మలుపు తిరిగేసరికి దీపస్తంభం లేదు... టీవీల మోత లేదు... సెలూన్ ఎదురుగా లాండ్రీ ఆయన ఒక్కడే హడావుడిగా తాళం వేస్తున్నాడు.

"జర్ర్...ర్... జ్."

ఈయన ఆగిపోయాడు. కాళ్ళు వెనక్కి తిరిగాయి కూడా.

"జర్ర్...ర్... జ్."

చెవులు మాత్రం తిరగలేదు.

"రండి సార్, రండి," లాండ్రీ ఆయన గొంతు తగ్గించి చెయ్యి పట్టుకున్నాడు. "నిలబడకండి. అది నడుస్తోంది."

"నడవడం కాదు," అన్నాడు మా తోడల్లుడు గుసగుసగా. "నూరుతున్నారు."

"ఎవర్నండీ?"

"కత్తిని. వినండి... ఇదిగో, ఇది పొడుగు లాగుడు. ఇది రెండో వైపు. తాకించి తీసేశాడు. జపాన్ కత్తి. మడవని రకం."

లాండ్రీ ఆయన కాసేపు ఆలోచించాడు. "అయితే... దెయ్యం జపాన్‌దా?"

"రాయి కూడా మంచిదే," ఈయన తన లోకంలో ఉన్నాడు. "మెత్తటి రాయి. నీళ్ళు సరిపడా ఉన్నాయి. చెయ్యి మహా నిదానం. అసలు..." గుటక మింగాడు. "అమ్ముతారేమో ఒకసారి అడిగి వస్తాను."

ఆ తర్వాత చాలాకాలం లాండ్రీ ఆయన బట్టలకు వచ్చిన ప్రతివాడికీ ఇదే చెప్పేవాడు: "దెయ్యాన్ని వదిలించుకోవడానికి పోయినవాళ్ళ గురించి విన్నాను గానీ, బేరమాడటానికి పోయినవాణ్ణి ఆయన్నే చూశాను."

సెలూన్‌కి పక్క నుంచి ఒక తలుపు ఉంది. అది దగ్గరికి వేసి ఉందే తప్ప గడియ పెట్టిలేదు. ఈయన వేలితో తోశాడు.

చప్పుడు ఆగిపోయింది.

లోపల చీకటి. పాత పౌడరు వాసన, సబ్బు వాసన... వాటి మధ్య తడి రాయి వాసన. ఆ ఒక్క వాసన పట్టుకునే ఆయన గడప దాటాడు. దాటాక, తను ఎక్కడున్నాడో తెలిసొచ్చింది. జేబులోంచి ఫోన్ తీశాడు. దీపం వెలిగించబోయాడు.

"దీపం వద్దు..."

గొంతు బొంగురుగా, నేల మీది నుంచి వచ్చినంత కిందుగా ఉంది.

ఆయన చేతిలో ఫోన్ జారి, మోకాలికి తగిలి, ఎక్కడో పడింది.

"దీపం వద్దు నాయనా," అంది ఆ గొంతు మళ్ళీ. "కోడలు చూస్తుంది."

దెయ్యానికి కోడలుంటుందా? మా తోడల్లుడికి ఈ సందేహం రాగానే భయం సగానికి సగం దిగిపోయింది. కోడలికి జడిసేవాడు మనిషే అయ్యుండాలి.

"ఎవరండీ?" అన్నాడు.

"ఈ కుర్చీ నాది. ఈ షాపు నాది. ఊళ్ళో సగం గడ్డాలు నావి, ఒకప్పుడు." కుర్చీ కిర్రుమంది. కళ్ళు కాస్త చీకటికి అలవాటుపడ్డాయి. అద్దం ముందు పెద్ద కుర్చీలో వెనక్కి వాలి ఒక ముసలాయన ఉన్నాడు, గిరాకీలాగా. "నిద్ర పట్టనప్పుడు గోడ పట్టుకుని వెనకింట్లోంచి వచ్చేస్తాను. కూర్చోవడం సులువే. లేవడానికే సగం రాత్రి పడుతుంది. నువ్వెవరు? దొంగవా?"

"కాదండీ. కళ్ళద్దాల షాపు."

"ఇక్కడేం పని?"

"కత్తి చప్పుడు విని వచ్చాను."

పెద్దాయన మెల్లగా అన్నాడు. "అందరూ విని పోతారు. విని వచ్చేవాడు ఎవడా అనుకుంటున్నాను."

"ఒకసారి చూడనిస్తారా?"

"అద్దం కింద బల్ల మీద ఉంటుంది. రాయి మీదే ఉంటుంది, చూసుకో."

ఈయన కుర్చీ చుట్టూ తిరిగి, బల్ల మీద వేళ్ళు పాకించాడు. దువ్వెనలు... ఎండిపోయిన స్పాంజి... చల్లగా, తడిగా రాయి. రాయి మీద అడ్డంగా కత్తి. పిడికి బెత్తం చుట్టు. తీసి అలుగు మీద బొటనవేలు నడిపించాడు. ఏదో గరుకుగా తగిలింది. వేలు వెనక్కి తెచ్చి మళ్ళీ నడిపించాడు.

ఒక కొండ... రెండో కొండ... మూడో కొండ.

కింద ఒక అల.

కత్తిని గోటి మీద ఆన్చాడు. అలా ఆన్చాడో లేదో గోటిని పట్టేసుకుంది.

"ఇది... మీకెక్కడిది?"

"ఓడ మీద పనిచేసే గిరాకీ ఒకాయన ఉండేవాడు. రేవుకొచ్చినప్పుడల్లా నా దగ్గరే గడ్డం. ఒకసారి తన కత్తి నాకిచ్చి, 'వచ్చేసారి దీంతో చెయ్యి' అన్నాడు. వచ్చేసారి రాలేదు."

"అమ్ముతారా?"

"అమ్మను."

మా తోడల్లుడి ప్రాణం ఉసూరుమంది. వేలంలో అలవాటైన ఉసూరుమనడమే గాని, ఈసారి వస్తువు చేతిలో ఉంది. అదే బాధ.

"ఇచ్చేస్తాను," అన్నాడు పెద్దాయన. "ఊరికే. దాంతో నాకు గడ్డం చెయ్యి."

"నేనా?"

"ఇంకెవరున్నారు? చూడు..." ముసలాయన చెయ్యి చాచి ఈయన మణికట్టు పట్టుకున్నాడు. పట్టుకోవడం కాదది. గాలికి ఆకు వచ్చి తగిలి, తగిలి, మళ్ళీ తగిలినట్టు ఉంది. "ఇవీ నా చేతులు. చెంచా నిలవదు. అన్నం కోడలే పెడుతుంది. గడ్డం కూడా తనే తీస్తుంది, ఏదో మెషీన్ పెట్టి. కోడలు బంగారం. ఆ మెషీన్ మాత్రం గడ్డి కోసేదే. ఊరందరి బుగ్గలూ అద్దాలు చేసిన వాణ్ణి, నా బుగ్గ చూడు, గరుక్కాగితం. కత్తి అన్నమాట ఎత్తితే కోడలు ఏడుస్తుంది. ఒకసారి నాకు నేను చేసుకోబోయి చెవి తెగ్గోసుకున్నాను మరి."

"నాకు... చెయ్యడం రాదండీ."

"కత్తి గోటి మీద పెట్టి చూశావు, తెలుసు. చప్పుడు వచ్చింది. నీ దగ్గర కత్తులున్నాయా?"

"ఉన్నాయి. చాలా."

"ఎన్నిటితో గీసుకున్నావు?"

మా తోడల్లుడు కత్తిని మళ్ళీ గోటి మీద ఆన్చి చూసుకున్నాడు. కుర్చీ మెల్లగా కిర్రుకిర్రుమంది. ముసలాయన నవ్వుతున్నాడు.

"మంచిది," అన్నాడు చివరికి. "చెయ్యని వాడికి చెడ్డ అలవాట్లుండవు. సొరుగులో సబ్బుంది, బ్రష్షుంది. కూజాలో నీళ్ళున్నాయి."

మూడు కొండలూ అలా చేతిలో ఉన్నాయి. బల్ల మీద పెట్టేసి తలుపు దాటిపోవచ్చు. పోతే మళ్ళీ ఫోన్‌లో వేలాలు, ప్లాస్టిక్ రేజరు, వీణలూ ఈలలూ. కానీ ఆ చీకట్లో, ఆ పదును, ఒక మనిషి గొంతు మీద... తన చెయ్యి.

సొరుగు లాగాడు.

నురగ పట్టించడం బాగానే అయింది. చెవిలో కొంచెం పోయిందంతే. కత్తిని చెంప మీదకు తెచ్చి... అక్కడే ఉండిపోయాడు.

"ఆన్చు," గుసగుసగా చెప్పాడు పెద్దాయన. "నొక్కకు. దాని బరువు దానికి చాలు. ఎడం చేత్తో చర్మం పైకి లాగు. ఇప్పుడు కిందికి వదులు... వదులు..."

"స్స్...ర్ర్..."

సన్నటి పాట లాంటి చప్పుడు.

"విన్నావా? సరిగ్గా పోతే అదే చెబుతుంది. తప్పు పోయినా అదే చెబుతుంది. కళ్ళతో చేసే పని కాదిది. దీపం ఉంటే నీ చెయ్యి ఇంకా వణికేది."

కుడి చెంప అయింది. ఈయన వేలితో తడిమి చూశాడు. గాజు. కళ్ళద్దాల మనిషికి గాజు తెలుసు. గడ్డం కింద అయింది. పై పెదవి ఊపిరి బిగబట్టి చేశాడు. ఇక మెడ.

"మింగకండి," అన్నాడు కత్తి ఆన్చి.

"నువ్వూ మింగకు. నీ గుటకలకే నాకు భయమేస్తోంది."

"స్స్...ర్ర్..." కత్తి మెడ మీద దిగుతోంది. చీకట్లో వేరే చప్పుడు లేదు. ఇద్దరి ఊపిరీ లేదు...

ధభాలున వెనక తలుపు తెరుచుకుంది. టార్చి వెలుగు సూటిగా ముఖాన పడింది.

ఆ వెలుగులో కోడలికి కనిపించింది ఇది: మూసేసిన షాపులో, చీకట్లో, కుర్చీలో తల వెనక్కి వాల్చిన మామగారు, ఆయన గొంతు మీద కత్తి, కత్తి పట్టుకుని కళ్ళు మూసుకుని నవ్వుతున్న పరాయి మగాడు.

ఆవిడ కెవ్వున అరిచింది. మా తోడల్లుడు అంతకంటే పెద్దగా అరిచాడు. అరిచేముందు కత్తిని గాల్లోకి ఎత్తేశాడు, ఆ పాటి తెలివి మిగిలింది. ఎదురుగా అద్దంలో పైకెత్తిన కత్తితో అరుస్తున్న మనిషి కనబడి ఇంకోసారి అరిచాడు.

రెండు అరుపుల మధ్య ఖాళీలో పెద్దాయన గొంతు నింపాదిగా వినిపించింది.

"అరవకండి. ఎడమ దవడ ఇంకా మిగిలింది."

"మామయ్యా!" కోడలు చీపురు ఎత్తింది. "ఎవరు నువ్వు? కత్తి కింద పెట్టు! పెట్టు ముందు!"

"నేను... కళ్ళద్దాల షాపండీ... పెద్ద రోడ్డు మీద బేకరీ పక్కన..."

ఆవిడ టార్చి దగ్గరికి తెచ్చి చూసింది. తన ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ చూసింది. "అవును. ఇవి మీరు ఇచ్చినవే. నాకు కనిపిస్తున్నది నిజమా, మీ అద్దాల తప్పా అని చూస్తున్నాను."

"అమ్మా," అన్నాడు పెద్దాయన. "ఆ దీపం కాస్త ఇటు పట్టు. సబ్బు ఆరిపోతోంది."

వెలుగు మామగారి కుడి చెంప మీద పడింది. అది చాలాకాలంగా ఆవిడ చూడని చెంప. చీపురు గోడకు ఆనించి టార్చి ఎత్తి పట్టుకుంది. ఎడమ దవడ వెలుగులోనే అయింది. పెద్దాయన చెప్పినట్టే ఆ వైపున ఈయన చెయ్యి వణికింది. చెవి కింద చిన్నగా ఎర్రటి చుక్క లేచింది.

"ఫర్వాలేదు," అన్నాడు పెద్దాయన. "అది నీ సంతకం."

కోడలు చెంగుతో ఆ చుక్క అద్ది, అలాగే చెంప మీద చెయ్యి ఉంచి, "బావుంది మామయ్యా" అంది.

కత్తి ఇంటికొచ్చింది. రెండే షరతులు: వారం వారం వచ్చి పెద్దాయనకు గడ్డం చెయ్యాలి, తన గడ్డం కూడా దాంతోనే గీసుకోవాలి.

మర్నాడు పొద్దున మా తోడల్లుడు అద్దం ముందు నిలబడి, తన కళ్ళలోకి చూసుకుని, ఈసారి నురగ తుడుచుకోలేదు. నున్నటి బుగ్గలతో బయటికొచ్చి కథంతా చెప్పాడు. కోడలు చీపురెత్తిన చోట వదిన పడీపడీ నవ్వింది. మామగారి చెంప మీద ఆవిడ చెయ్యి ఉంచిన చోట కళ్ళు తుడుచుకుంది. బుగ్గ తాకి చూసి, "మొత్తానికి వీణ పలికింది" అంది. తర్వాత దోసె తిప్పుతూ తిప్పుతూ ఆగింది.

"ఏమండీ... చెంచా పట్టలేని మనిషి అన్నారు."

"ఆఁ."

"మరి ఆయన రాయి మీద కత్తి ఎలా నూరాడండీ?"

ఏళ్ళ అలవాటు అన్నాడు ఈయన. చేతులకు పని గుర్తుంటుంది అన్నాడు. అంటూనే తన మణికట్టు మీద వచ్చి వచ్చి తగిలిన ఆ వేళ్ళు గుర్తొచ్చాయి. ఆ వేళ్ళతో అంత నిదానపు లాగుడు... కుర్చీలోంచి లేవలేని మనిషి... అద్దం కింద బల్ల మీద తడి రాయి.

ఆ ఆదివారం గడ్డం చేస్తూ చేస్తూ, కుడి చెంప అయ్యాక, మామూలు మాటలాగే అడిగాడు. "కత్తి భలే నూరారండీ."

"నేనెక్కడ నూరాను నాయనా?" అన్నాడు పెద్దాయన కళ్ళు మూసుకునే. "నా చేతులు పోయి ఎంత కాలమైంది! నేనూ ఆ చప్పుడు వినే వచ్చేవాణ్ణి."

కత్తి చెంప మీద ఆగిపోయింది.

"మొదట్లో నాకూ భయమేసింది. తర్వాత విన్నాను కదా... ఎవరో గానీ, చక్కగా నూరుతున్నాడు. పనిమంతుణ్ణి మధ్యలో ఆపడం ఎందుకని కూర్చుని వినేవాణ్ణి. నిద్ర పట్టేది."

"మరి... ఆ రోజు చెప్పలేదేం?"

"నువ్వు కత్తి అడిగావు. ఇచ్చాను. నూరేవాణ్ణి అడగలేదు." పెద్దాయన తల కాస్త అటు తిప్పాడు. "కానియ్యి, కానియ్యి. ఎడమ వైపు సబ్బు ఆరిపోతుంది."

కత్తి ఇల్లు మారాక సెలూన్‌లో చప్పుడు లేదు. పిల్లి రాత్రిళ్ళు కూడా మెట్టు మీదే పడుకుంటోంది. కేకులాయన తిరిగొచ్చి షాపు తీసుకున్నాడు. పెద్దాయన కుర్చీ వెనకింటి వరండాలోకి మారింది. వారం వారం గడ్డం అక్కడే. లాండ్రీ ఆయన మళ్ళీ కరెంటును తిట్టుకుంటున్నాడు.

మా తోడల్లుడు రోజూ ఆ కత్తితోనే గడ్డం గీసుకుంటున్నాడు. రోజూ గీసే కత్తికి తరచుగా రాయి చూపించాలి. ఈయన చూపించలేదు. ఇవాళ మొద్దుబారుతుంది, రేపు మొద్దుబారుతుంది అని గోటి మీద పెట్టి చూసుకుంటాడు. పట్టేసుకుంటుంది. మంచి ఉక్కు అనుకున్నాడు. అలా అనుకోవడమే ఆయనకు హాయిగా ఉంది.

మొన్న పొద్దున కాఫీ ఇస్తూ వదిన విసుక్కుంది.

"రాత్రిళ్ళు వసారాలో కూర్చుని ఆ నూరుడేమిటండీ? జర్రుమని ఒకటి, జ్ అని ఒకటి. నాకు నిద్ర ఉండటం లేదు. అదేదో పగలు పెట్టుకోకూడదా?"

ఈయన రాత్రంతా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాడు. కప్పు పట్టుకుని వసారా వైపు చూశాడు. గట్టు మీద సానరాయి ఉంది. ఎండ పడుతున్నా, ఇంకా తడిగానే ఉంది.

కాఫీ చివరి గుక్క దాకా తాగి కప్పు కింద పెట్టాడు.

"సరే," అన్నాడు. "చెప్తాను."

"ఎవరికి?" అంది వదిన.